చారెడు దుమ్ము, చెంబెడు నీరు

కారును గొట్టం పట్టి కడగడమంటే, ఆ పనిని తూకపు లెక్కగా చూసినప్పుడు, చారెడు దుమ్మును వదిలించడానికి బిందెలకొద్దీ నీటిని నేలపాలు చేయడమే. మోస్తరు కారు పైతలమంతా కలిపి 15 నుంచి 20 చదరపు మీటర్లు ఉంటుంది కనుక, ఒక్కో చదరపు మీటరు మీద 2 గ్రాముల దుమ్ము పేరుకున్నదని అనుకున్నా మొత్తం 30, 40 గ్రాములు దాటదు. ఆ కాస్త దుమ్ముకు గొట్టం పద్ధతిలో 100 నుంచి 300 లీటర్ల దాకా నీరు ఖర్చవుతుంది. 150 లీటర్లని సరిపెట్టుకున్నా అది దుమ్ము బరువుకు దాదాపు నాలుగైదు వేల రెట్లు. ఇంత నీటిలో నిజంగా దుమ్మును అంటిపెట్టుకుని పనిచేసేది ఎంత, ఊరికే దొర్లిపోయేది ఎంత అన్న ప్రశ్న నుంచే నీరు లేకుండా, లేదా చెంబెడు నీటితో, కారును శుభ్రపరిచే పద్ధతులు పుట్టాయి.

ఈ ప్రశ్నకు అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలోని కంబదూరు వంటి చోట వచ్చే జవాబు, గోదావరి కాలువల పక్కన వచ్చే జవాబు ఒకటి కావు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 552 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకోవడం వల్ల, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి వచ్చేసరికి నీరసించడం వల్ల, రెండు వానకాలాలకూ ఈ పీఠభూమి చివరి పంక్తిలోనే కూర్చుంటుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. 4.3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు గల కారు ఆక్రమించే నేల 7.7 చదరపు మీటర్లు కనుక, దాని మీద ఏడాది పొడవునా కురిసే వాన 4,250 లీటర్ల చిల్లర. వారానికొకసారి 150 లీటర్లతో కడిగితే ఏడాదికి 7,800 లీటర్లు కావాలి, అంటే కారు తన నీడ పడినంత నేల మీద కురిసిన వానకు దాదాపు రెండింతలు తానే తాగుతుంది. పైగా ఆ వానంతా భూగర్భానికి చేరదు. గట్టి రాతినేలల్లో ఇంకేది ఇంచుమించు పదో వంతు మాత్రమేనని భూగర్భజల అంచనాల్లో లెక్కిస్తారు. ఆ లెక్కన కారు నీడపాటి నేల ఏడాదంతా కలిపి బోరుబావికి ఇచ్చేది 425 లీటర్లు. అది మూడుసార్లు కారు కడగడానికి కూడా చాలదు.

మరో కొలబద్ద కూడా ఉంది. జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందాలని నిర్దేశించింది. ఒక్క కారు స్నానం దాదాపు ముగ్గురి రోజువారీ వాటా అన్నమాట. విచిత్రమేమంటే, ఈ కరువు సీమే కార్లను పుట్టిస్తోంది. పెనుకొండ దగ్గర కియా సంస్థ కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టులో సెల్టోస్ విపణిలోకి వచ్చి, అదే ఏడాది డిసెంబరులో కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యమున్న ఆ కర్మాగారానికి నీరు హంద్రీ–నీవా పథకం కింది గొల్లపల్లి జలాశయం నుంచి, అంటే ఎక్కడో కృష్ణా నదిపై ఉన్న శ్రీశైలం వెనుకజలాల నుంచి ఎత్తిపోతలతో వచ్చి చేరుతుంది. పెనుకొండ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని, వాన ముఖం చాటేయడంలో రెండు జిల్లాలకూ తేడా లేదు.

కంబదూరు చుట్టుపక్కల కారుకు అంటే దుమ్ము, కారును కడిగే బోరునీరు, రెండూ ఒకే రాతి సంతానమన్న సంగతి గమనించదగ్గది. ఈ పీఠభూమికి అడుగున ఉన్నది కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ శిలలు. వీటిలో ప్రధానంగా ఉండేవి పలుగురాయి అని జనం పిలిచే క్వార్ట్జ్, దానితో కలిసి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. ఎండకు, వానకు శిల శిథిలమయ్యేటప్పుడు ఫెల్డ్‌స్పార్ మెల్లగా కరిగి బంకమన్నుగా మారుతుంది. పలుగు మాత్రం కరగకుండా సన్నని రేణువులుగా మిగిలి ఎర్రనేలలో ఇసుకపాలుగా చేరుతుంది. వేరుశనగ తవ్వకాలు ముగిసిన తరువాత బోసిపోయిన ఆ చేలమీదుగా ఈదురుగాలి వీచినప్పుడు లేచేది ఆ పలుగుపొడే. ఈ సీమ గాలి సంగతి తెలియడానికి పొరుగునే ఉన్న రామగిరి కొండల గాలిమరలను, కణేకల్లు దగ్గర హగరి ఒడ్డున ఊళ్లమీదికి జరుగుతున్న ఇసుకతిన్నెలను చూస్తే చాలు. ఇక ఫెల్డ్‌స్పార్ శిథిలమవుతూ విడిచిన కాల్షియం, సోడియం లవణాలను, సిలికాను తనలో కరిగించుకుని, శిలల పగుళ్లలో నిలిచిన నీరే బోరులో పైకి వస్తుంది. దుమ్ము కారును గీస్తుంది, నీరు కారు మీద మచ్చ వేస్తుంది.

గీత ఎలా పడుతుందో తెలియాలంటే కారు రంగు పొరల నిర్మాణం తెలియాలి. ఉక్కురేకు మీద తుప్పునిరోధక పూత, దానిపై ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికంటే పైన క్లియర్‌కోట్ అనే రంగులేని పారదర్శకమైన పూత ఉంటాయి. అన్నీ కలిపి 100 నుంచి 120 మైక్రాన్లు, అందులో క్లియర్‌కోట్ 40, 50 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కనుక, కారు మెరుపంతా వెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర మీద ఆధారపడి ఉన్నదన్నమాట. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మాపకంలో పలుగుది 7వ స్థానం. అది గాజునే గీయగలదు, ఇక మెత్తని క్లియర్‌కోట్ దానికి ఒక లెక్క కాదు. అయితే రేణువు తనంతట తాను గీయదు. దానిని పొరకు అదిమి లాగే చేయి కావాలి. తెల్లవారుజామున పొడిగుడ్డతో కారు దులిపే అలవాటు సరిగ్గా ఆ చేయిగానే పనిచేస్తుంది. కొన్ని నెలలకు ఎండలో నిలిపిన కారు మీద సూర్యబింబం చుట్టూ సాలెగూడు లాంటి వలయాలు కనిపించడం దీని ఫలితమే. నిజానికి ఆ గీతలు వలయాకారంలో ఉండవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్న గీతల్లో, వెలుగు వచ్చే దిశకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి గనుక కంటికి వలయంగా తోస్తాయి.

అలాగైతే నీటిధారతోనే దుమ్మంతా కొట్టుకుపోకూడదా అంటే, పోదు. రేణువును తలానికి పట్టి ఉంచే వాన్ డర్ వాల్స్ బలాలు, అంటే అతి దగ్గరగా వచ్చిన అణువుల మధ్య పుట్టే స్వల్ప ఆకర్షణలు, రేణువు వ్యాసంతో పాటు పెరుగుతాయి; దానిని ఊడదీసే నీటి తోపుడు వ్యాసం వర్గంతో, రేణువు బరువు వ్యాసం ఘనంతో పెరుగుతాయి. కాబట్టి రేణువు చిన్నదయ్యేకొద్దీ దానిని లాగే బలాలు త్వరగా తగ్గిపోతాయి గాని అతుక్కునే బలం అంత త్వరగా తగ్గదు. దీనికి తోడు, ఏ ప్రవాహమైనా గట్టి తలానికి ఆనుకున్న చోట వేగం కోల్పోతుంది. తలానికి ఆనుకుని మందకొడిగా సాగే ఆ పలుచని పొరలో కొద్ది మైక్రాన్ల రేణువులు, వరద ఉద్ధృతిలో బండచాటున దాగిన చేపల్లా, నిక్షేపంగా ఉండిపోతాయి. ఎంత నీరు గుమ్మరించినా ఆరిన తరువాత వేలితో రాస్తే ఊడివచ్చే బూడిదరంగు తెర అదే. పెద్ద ఇసుకరేణువులను తోసేయడంలో ధారకు సాటి లేదు. సన్నని దుమ్ముకు మాత్రం చివరికి గుడ్డ తాకిడి తప్పదు.

దీనిని బట్టి నీరు చేసే పనులను విడదీసి చూడవచ్చు. అది రేణువును తడిపి పట్టు సడలిస్తుంది, గుడ్డకూ పూతకూ మధ్య జారుడు పొరగా నిలుస్తుంది, లవణాలను కరిగిస్తుంది, మురికిని మోసుకుపోతుంది. మొదటి మూడింటికి కావలసిన నీరు కొన్ని వందల మిల్లీలీటర్లే. 150 లీటర్లలో దాదాపు అంతా చివరి మోతకూలికే పోతుంది. మోసే పని గుడ్డకు, తడిపి జారించే పని కొద్దిపాటి రసాయనానికి అప్పగించడమే నీరులేని కడుగుడులోని కిటుకు.

ఆ రసాయనాల్లో ప్రధానమైనది సర్ఫాక్టెంట్. దీని అణువుకు ఒక చివర నీటిని కోరే తల, మరో చివర నీటిని తప్పించుకుని నూనెను వెతుక్కునే తోక ఉంటాయి. నీటి ఉపరితలం సాగదీసిన చర్మంలా ప్రవర్తించే గుణాన్ని తలతన్యత అంటారు. మంచినీటికి అది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సర్ఫాక్టెంట్ అణువులు ఉపరితలంలో దూరి దానిని 30 దరిదాపులకు దించేసరికి, మైనపు పూత మీద ముత్యాల్లా నిలవవలసిన నీరు పలుచని పొరగా పరుచుకుని దుమ్ము కిందికి చొరబడుతుంది. ఈ శాస్త్రానికి పునాదుల్లో ఒకటి వంటింట్లో పడింది: ఆగ్నెస్ పాకెల్స్ అనే జర్మన్ మహిళ అంట్లు తోమే నీటిని చూస్తూ, ఉపరితలపు పొరలను కొలిచే తొట్టిని తానే తయారుచేసుకుని చేసిన ప్రయోగాలను లార్డ్ రేలీకి రాయగా, ఆయన చొరవతో 1891లో నేచర్ పత్రికలో అవి అచ్చయ్యాయి. తెలుగు ఇళ్లకు ఇదే గుణం కుంకుడుకాయ రూపంలో తరతరాలుగా పరిచితం. కుంకుడు నురగకు మూలమైన సాపొనిన్లు సహజ సర్ఫాక్టెంట్లు. సబ్బులా అవి ఉప్పునీటిలోని కాల్షియంతో కలిసి విరిగిపోవు గనుకనే, సబ్బు నురగ రాని ఊళ్లలోనూ కుంకుడుకాయ తలంటుకు పనికివస్తుంది.

కఠినజలం కథ ఇక్కడే మొదలవుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ కఠినత్వాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాములకు, మొత్తం కరిగిన లవణాలను 500 మిల్లీగ్రాములకు పరిమితం చేయాలంటుంది. వేరే ఆధారం లేని చోట మాత్రం వరుసగా 600, 2,000 వరకు సహించవచ్చని సడలింపు ఇచ్చింది. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరునీటితో కారు కడిగితే, చివరికి రేకుల మీద తడిగా మిగిలే లీటరు నీరు ఆవిరయ్యాక ఒక గ్రాము లవణం అక్కడే ఉండిపోతుంది. నీరు ఆవిరవుతుండగా కాల్షియం బైకార్బనేట్ కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి, నీటిలో కరగని కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపురాయిగా మారి, బొట్టు అంచున తెల్లని ఉంగరంలా గడ్డకడుతుంది. తాజా మచ్చలు వెనిగర్ వంటి బలహీన ఆమ్లానికి కరుగుతాయి. గ్రానైటు నీటిలోని సిలికా గట్టిపడితే ఆమ్లానికీ లొంగదు, రుద్ది అరగదీయాల్సిందే, అరిగేది పూత కూడా. వేసవి మధ్యాహ్నం నల్లరంగు బానెట్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది కనుక గుడ్డ అందుకునేలోపే నీరు ఎగిరిపోయి మచ్చ మిగులుతుంది. ధారాళంగా కడిగిన కారు దుమ్ముతో ఉన్నప్పటికంటే అధ్వానంగా కనిపించే ఘట్టం ఇది.

ఇక మోతకూలికి కుదిరిన గుడ్డ విషయం. సాధారణ నూలుపోగు గుండ్రంగా, నున్నగా ఉండి రేణువును తలం మీదే దొర్లిస్తుంది. మైక్రోఫైబర్ పోగు మందం 10 మైక్రాన్ల కంటే తక్కువ. 1970లో జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో అతిసన్నని పోగులతో కృత్రిమ స్వెడ్ వస్త్రాన్ని రూపొందించడంతో ఈ పరిజ్ఞానం దారి పట్టింది. తుడుపుగుడ్డల్లో పాలిస్టర్, పాలిఅమైడ్ అనే రెండు పాలిమర్లను, సాధారణంగా 80, 20 లేదా 70, 30 పాళ్లలో, ఒకే పోగుగా వడికి, తరువాత నారింజ తొనల్లా చీలుస్తారు. చీలిన పోగుకు అంచులు, సందులు ఏర్పడతాయి. సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తాను ఎక్కే కేశనాళికత అనే గుణంవల్ల తడి, తడితో పాటు దుమ్ము ఆ సందుల్లోకి చేరి, పూతకు దూరంగా గుడ్డ లోతుల్లో నిలిచిపోతాయి. ఎత్తైన కుచ్చు ఉన్న గుడ్డలో రేణువుకు దాగడానికి చోటెక్కువ. కిటికీ అద్దాలకు వాడే పలుచని గుడ్డ కారు రేకుకు తగదు.

పని జరిగే తీరులో రెండు పద్ధతులున్నాయి. పూర్తిగా నీరులేనిదని చెప్పే పద్ధతిలో సర్ఫాక్టెంట్లు, జారుడు పదార్థాలు, కొంచెం కర్నూబా మైనమో సిలికోన్ నూనెనో కలిసిన సిద్ధద్రవాన్ని ఒక పలక మీద ధారాళంగా చల్లి, అర నిమిషమో నిమిషమో నాననిచ్చి, గుడ్డను నొక్కకుండా ఒకే దిశలో ఒక్కసారి లాగి, వెంటనే కొత్త మడతకు మార్చుకుంటారు. గుడ్డను నాలుగుగా మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. మురికిపట్టిన ముఖాన్ని మళ్లీ కారుకు తాకించకపోవడమే ఇందులో ఆచారం. ఒక కారుకు అర లీటరు నుంచి లీటరు ద్రవం, ఆరేడు గుడ్డలు పడతాయి. నీరులేని పద్ధతి అన్న పేరు కాస్త బడాయే, ఎందుకంటే ఆ ద్రవంలో అధికభాగం నీరే.

రెండోది జాడించనక్కరలేని పద్ధతి. దీనికి పేరుమోసిన ద్రవాల్లో ఒకటైన ఆప్టిమమ్ నో రిన్స్‌ను రూపొందించినవాడు డేవిడ్ ఘొదూసీ అనే పాలిమర్ రసాయనవేత్త. ఒక పాలు ద్రవానికి 256 పాళ్ల నీరు, అంటే పది లీటర్ల బకెట్‌కు 40 మిల్లీలీటర్లు. నీటిలో కరిగే పాలిమర్ల పొడవాటి గొలుసులు రేణువును చుట్టుకుని, పూతకూ రేణువుకూ మధ్య దిండులా నిలుస్తాయి. నురగ రాదు గనుక జాడించవలసిన శేషమూ ఉండదు. అనుభవజ్ఞులు ఆరు, ఎనిమిది గుడ్డలను ఒకేసారి ఆ బకెట్‌లో నానబెట్టి, ఒక్కో పలకకు ఒక్కోటి తీసి, వాడినదాన్ని తిరిగి బకెట్‌లో ముంచరు. నగరాల అపార్ట్‌మెంట్లలో ఒకే బకెట్, ఒకే గుడ్డతో తెల్లవారేసరికి పది కార్లు తుడిచే పద్ధతిలోనూ నీరు తక్కువే ఖర్చవుతుంది గాని, మొదటి కారు ఇసుకే పదో కారుకు గంధంలా పూయబడుతుంది.

ఆవిరితో కడిగే యంత్రాలు కూడా ఈ కోవలోనివే. 3 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగించి ఆవిరి చేయడానికి సుమారు రెండు యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. నీరు ఆవిరైనప్పుడు ఘనపరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది కనుక ఆ కొద్దిపాటి నీరే చక్రాల సందుల్లోని గ్రీజును, సీట్ల కింది జిడ్డును కరిగించి బయటికి తోయగలదు. పైపూత మీది పలుగుపొడి విషయంలో ఆవిరికి ప్రత్యేక మహిమ ఏమీ లేదు. అక్కడ మళ్లీ గుడ్డే దిక్కు.

ఈ పద్ధతుల గొప్ప నీటి పొదుపులోనే ఉన్నదని ప్రచారం సాగుతుంది. కంబదూరు వంటి చోట అంతకంటే పెద్ద లాభం మరొకటుంది: నీటి మోతాదు చెంబెడుకు దిగినప్పుడు ఏ నీరు వాడాలో ఎంచుకునే వీలు కలుగుతుంది. 150 లీటర్ల మంచినీటిని కారుకు ఎవరూ కేటాయించలేరు గనుక బోరు ఉప్పునీరే గతి. రెండు లీటర్లయితే ఫిల్టరు నీళ్ల ఇరవై లీటర్ల క్యాను నుంచి ఒంపుకున్నా ఇంటివారికి లోటు రాదు, మచ్చ పడదు. వాన నీరు దాదాపు లవణరహితం. పది చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే వచ్చే 200 లీటర్లను మూత ఉన్న డ్రమ్ములో పట్టుకుంటే, నూరుసార్లు కారు తుడవడానికి సరిపోతుంది. దీనికి పూర్తిగా విరుద్ధమైనది, ఫిల్టరు ప్లాంటు వదిలే వృథానీటితో కారు కడగడమనే ఆలోచన. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం లవణాలను మాయం చేయదు, పక్కకు నెట్టి కూడబెడుతుంది. సగం నీరు మంచినీరుగా బయటికి వస్తే మిగిలిన సగంలో లవణాల గాఢత ఇంచుమించు రెట్టింపవుతుంది. పారబోసే నీటిని వాడామన్న తృప్తి మిగులుతుందేమో గాని, మచ్చలు కూడా రెట్టింపవుతాయి.

నిషేధాల దారి వేరు. కరువు ముదిరిన నగరాలు ముందుగా చేయి వేసేది కారు గొట్టం మీదే. కాలిఫోర్నియా 2014 జులైలో, నీటిని ఆపే మర లేని గొట్టంతో వాహనాలు కడగడాన్ని నిషేధించి రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా పెట్టింది. కేప్‌టౌన్ 2018లో మనిషికి రోజుకు 50 లీటర్ల కోటా విధించినప్పుడు పురపాలక నీటితో వాహనాలు కడగడం అసలే కూడదన్నది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. బతుకుతెరువుకు బెంగళూరు చేరి కార్లు నడిపే అనంతపురం సీమవారికి ఈ చివరి ఉత్తర్వు ఏమంత కొత్తగా తోచి ఉండదు. దుమ్ము బాధ కార్లకే పరిమితం కాదు. ఉమ్మడి జిల్లాలోనే ఎన్.పి.కుంట సౌరవిద్యుత్ పార్కులో, ఫలకాల మీద పేరుకునే దుమ్ము విద్యుదుత్పత్తినే తగ్గిస్తుంది గనుక, ఈ సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అలాంటి ఫలకాలపై దుమ్మును నీరు, తాకిడి రెండూ లేకుండా విద్యుదావేశంతో ఎగరగొట్టే పద్ధతిని అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2022లో ప్రచురించారు; గాలిలో తేమ 30 శాతానికి మించి ఉంటేనే రేణువులకు ఆవేశం అందుతుందని వారే తేల్చారు.

చెంబెడు నీటి పద్ధతికి హద్దులున్నాయి. పొడిదుమ్ముకు, వేలిముద్రలకు, పక్షిరెట్టకు అది చాలు. శీతాకాలపు మంచులో తడిసి ఎండకు ఆరిన దుమ్ములో బంకమన్ను, లవణాలు కలిసి సన్నని సిమెంటులా గట్టిపడతాయి కనుక, అలాంటి పొరను ద్రవంలో రెండుసార్లు నానబెట్టక తప్పదు. వాడిన గుడ్డలను ఉతకడానికి పది, పదిహేను లీటర్లు కావాలి. ఆ నీటిని లెక్కలో చేర్చకుండా పొదుపు చెప్పుకోవడం నిజాయితీ కాదు. ఉతికేటప్పుడు బట్టలను మెత్తబరిచే ద్రవాలు వాడితే పోగుల సందులు పూడిపోయి గుడ్డ పనికిరాకుండా పోతుంది, ఉతికిన ప్రతిసారీ కొన్ని ప్లాస్టిక్ పోగులు మురుగులో కలుస్తాయి. తొలకరి వానకు పొలం బాటన వచ్చిన కారు చక్రాల లోపల, తలుపుల కింది అంచున పిడచలు పిడచలుగా అంటిన ఎర్రబురదను మాత్రం గుడ్డ ముట్టరాదు. దానిలో పలుగురేణువుల పాలు ఏ సర్ఫాక్టెంటూ దిండు వేయలేనంత ఎక్కువ. దానికి మొదట నాలుగు చెంబుల నీరు, అది బోరు ఉప్పునీరైనా సరే, పోసి నాననిచ్చి జారవిడిచి, ఆ తరువాతే మిగిలిన తెరకు గుడ్డ పట్టాలి.